సెలవు చీటీ మీద సంతకం ఎవరిది?

జపనీస్ బాయ్స్ లవ్ కామిక్స్‌లో, అందులోనూ ఆఫీసుల్లో నడిచే కథల్లో, ఒక సన్నివేశం తరచూ ఎదురవుతుంది. రాత్రి పదకొండు దాటింది. ఫ్లోర్ అంతా చీకటి, ఒక్క సెక్షన్ మీద మాత్రం లైట్లు వెలుగుతున్నాయి. ఇద్దరు మగవాళ్లు మిగిలారు, ఇద్దరి టైలూ వదులయ్యాయి. ఒకతను వెండింగ్ మెషీన్ నుంచి రెండు కాఫీ డబ్బాలు తెచ్చి, ఒకటి రెండోవాడి కీబోర్డు పక్కన పెడతాడు. చివరి రైలు వెళ్లిపోయిందని అప్పుడు గుర్తొస్తుంది ఇద్దరికీ. మా ఇల్లు దగ్గరే, వచ్చి పడుకో అంటాడు ఒకడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చదివేవాళ్లకి తెలుసు.

ఆ కాఫీ డబ్బా దగ్గర నేను చూసేది ఒకటే. ఈ ఇద్దరిలో ఎవరి సెలవు చీటీ మీద ఎవరు సంతకం పెడతారు? తెచ్చినవాడు బాసా, తీసుకున్నవాడు బాసా? ఇద్దరూ ఒకే ఏడాది చేరిన బ్యాచ్‌మేట్లా? రేపు వీళ్ల మధ్య మాట చెడితే ఎవరి ఉద్యోగం పోతుంది? ఈ ప్రశ్నల్ని పట్టించుకున్న కథ నా దృష్టిలో మంచి కథ. వీటిని పట్టించుకోకుండా హోదాని సూటూ టైలాగా ఒంటి మీద వేసి వదిలేసిన కథ ఎంత అందంగా గీసినా నాకు నచ్చదు. కొన్నేళ్లుగా ఇవి చదువుతున్నాను, ఈ అభిప్రాయం మాత్రం రోజురోజుకీ గట్టిపడుతోంది.

ఈ కామిక్స్ పరిచయం లేనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మగవాళ్ల మధ్య ప్రేమ గురించి, ఎక్కువగా ఆడవాళ్లే రాసి గీసి, ఎక్కువగా ఆడవాళ్లే చదివే మాంగా, అంటే జపనీస్ కామిక్స్, ఇది. జపాన్‌లో 1970ల్లో మొదలైంది. మోతో హగియో 'హార్ట్ ఆఫ్ థామస్' 1974లో, కెయికో తకెమియా గీసిన, గాలి గురించీ చెట్ల గురించీ పాట అనే అర్థం వచ్చే పేరున్న సీరియల్ 1976లో వచ్చాయి. రెండూ యూరప్‌లోని మగపిల్లల హాస్టళ్లలో జరిగే కథలే. 1978లో ఇలాంటి కథలు వేసే 'జూనె' అనే పత్రిక వచ్చింది. 1990ల్లో ఈ తరహా కథలకే ప్రత్యేకంగా పత్రికలు వరసగా పుట్టుకొచ్చి, బాయ్స్ లవ్, పొట్టిగా బీఎల్ అనే పేరు స్థిరపడింది. హాస్టల్ కుర్రాళ్లతో మొదలైన కథలు ఎప్పుడో ఆఫీసుల్లోకి వచ్చేశాయి. ఇప్పుడు సేల్స్ విభాగం, డిజైన్ విభాగం, రియల్ ఎస్టేట్ బ్రాంచి, పబ్లిషింగ్ కంపెనీ, ఇలా ప్రతి చోటా ఒక జంట ఉంటుంది.

ఆఫీసే ఎందుకు? మా టీమ్‌లో పక్క సీటు అమ్మాయి ఒకరోజు నా ఫోన్‌లోకి తొంగి చూసి, "అక్కా, ఇందులో అమ్మాయిలే ఉండరు కదా, మరి మనకేముంది ఇందులో?" అని అడిగింది. నిజమైన ప్రశ్న. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తాను.

జపాన్‌లో ఉద్యోగాల్లో ఆడా మగా సమాన అవకాశాల చట్టం 1985లో చేశారు, 1986 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. అయితే ఉద్యోగంలోకి తీసుకోవడంలో, ప్రమోషన్లలో సమానంగా చూడటానికి కంపెనీలు ప్రయత్నం చేయాలి అన్నంతవరకే ఆ చట్టం వెళ్లింది. చూడకపోతే తప్పు అనలేదు. ఆ మాట అనడానికి 1997లో సవరణ చేయాల్సి వచ్చింది, అది 1999లో అమల్లోకి వచ్చింది. ఈ లోపల పెద్ద కంపెనీలు ఉద్యోగుల్ని రెండు దారుల్లో పెట్టాయి. ఒక దారిలో ప్రమోషన్లు, ఊరూరా బదిలీలు, మేనేజర్ కుర్చీ. రెండో దారిలో ఫైళ్లు, ఫోన్లు, టీ కప్పులు. మొదటి దారిలో దాదాపు అంతా మగవాళ్లే, రెండో దారిలో దాదాపు అంతా ఆడవాళ్లే. పెళ్లి కుదిరితే అమ్మాయి పూలగుత్తి తీసుకుని ఉద్యోగం మానేసి వెళ్లడం చాలాకాలం మామూలు విషయం. దానికి శుభకార్యపు రాజీనామా అన్నట్టుగా ఒక పేరు కూడా ఉంది.

అలాంటి ఆఫీసులో పనిచేసి ఇంటికి వచ్చిన అమ్మాయి ఆడా మగా ఆఫీసు ప్రేమకథ చదివితే అందులో ఏం కనిపిస్తుంది? చివరి పేజీలో పెళ్లి, దాంతోపాటే ఆ అమ్మాయి ఉద్యోగానికి చివరి రోజు. ప్రేమ గెలిచిన పేజీలోనే ఆమె కుర్చీ ఖాళీ అవుతుంది. అదే కథలో ఇద్దరూ మగవాళ్లయితే ఆ భయం లేదు. ఇద్దరూ ప్రమోషన్ దారిలోనే ఉన్నారు. ఇద్దరూ క్లయింట్ మీటింగుకి వెళ్తారు, ఒకరి ప్రెజెంటేషన్ ఒకరు దిద్దుతారు, పోటీ పడతారు, పనిలో ఒకరినొకరు గౌరవించుకుంటారు, ఆ గౌరవం నుంచే ప్రేమ పుడుతుంది. మర్నాడు పొద్దున ఇద్దరూ తొమ్మిదింటికి ఎవరి సీట్లో వాళ్లు కూర్చుంటారు. పని పోకుండా ప్రేమ దొరకడమనే ఆ ఒక్క సుఖం కోసమే ఎంతమంది ఆడవాళ్లు ఈ పుస్తకాలు తెరుస్తారో అనిపిస్తుంది నాకు.

ఇది జపాన్ సంగతే కదా అని తీసిపారేయలేను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో ఒకే ప్రాజెక్టులో ఉన్న ఇద్దరు ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ ఒకే గ్రేడు. కార్డులు పంచిన వారానికే అమ్మాయిని వేరే ప్రాజెక్టుకి మార్చారు. అబ్బాయిని కదపలేదు. ఎందుకు ఆమెనే అని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. క్లయింట్ దగ్గర ఆమె సంపాదించుకున్న పేరంతా వదిలేసి, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆమెకి వచ్చిన రేటింగ్ చూసి నాకు కడుపు మండిపోయింది. పక్క సీటు అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇదే. అందులో అమ్మాయిలు లేరు కాబట్టే, అమ్మాయిలకి ఆఫీసులో ఏది దక్కడం లేదో అది స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదే నిజమైతే, ఈ కథలకి ప్రాణం ఆ సమానత్వమే. అందుకే అది లేని కథలు నన్ను అంతగా బాధపెడతాయి.

'సెకాయిచి హత్సుకోయి' సంగతి తీసుకుందాం. షుంగికు నకమురా గీసిన చాలా పేరున్న సిరీస్, 2011లో యానిమేగా, అంటే యానిమేషన్ సీరియల్‌గా కూడా వచ్చింది. ఆఫీసు వాతావరణం ఇంత బాగా పట్టుకున్న బీఎల్ తక్కువ. రిత్సు ఒనొదెరాకి పాతికేళ్లు. నాన్నగారి పబ్లిషింగ్ కంపెనీలో ఎంత కష్టపడ్డా, యజమాని కొడుకు కాబట్టే పైకి వచ్చాడు అంటారని ఆ ఉద్యోగం వదిలి, మరుకవా అనే ఇంకో కంపెనీలో చేరతాడు. సాహిత్యం ఎడిట్ చేద్దామని వస్తే, అమ్మాయిల మాంగా విభాగంలో పడేస్తారు. ఆ విభాగంలో నెల మొదట్లో అందరూ నీట్‌గా మెరిసిపోతూ ఉంటారు, డెడ్‌లైన్ దగ్గరయ్యేకొద్దీ డెస్కుల మీద శవాల్లా వాలిపోతారు. ఆర్టిస్టు పేజీలు ఇవ్వదు, ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లు ఆగరు, ఎన్ని కాపీలు వేయాలో తేల్చే మీటింగులో సేల్స్ వాళ్లతో యుద్ధం. పని నేర్చుకునే కుర్రాడి కసి, తడబాటు, మొదటి పుస్తకం చేతికొచ్చినప్పటి సంతోషం, అన్నీ నిజంగా ఉన్నాయి. ఆ పేజీలు నాకు ఇప్పటికీ ఇష్టం.

కానీ ప్రేమకథ? ఆ విభాగం ఎడిటర్ ఇన్ చీఫ్ తకనోయే రిత్సు హైస్కూల్ రోజుల తొలిప్రేమ. ఇప్పుడు బాస్. రిత్సు వద్దంటాడు, తోసేస్తాడు, పారిపోతాడు. తకనో గోడకి అదిమిపెట్టి ముద్దు పెడతాడు, ఆఫీసులోనూ. నీతో మళ్లీ ప్రేమలో పడ్డానని చెప్పిస్తాను అంటాడు. రిత్సు మనసులో ఇష్టం ఉందని మనకి చూపిస్తారు కాబట్టి అతని నోటితో అన్న 'వద్దు'కి విలువ లేదన్నట్టు కథ సాగిపోతుంది. రిత్సు పని దిద్దేది, అతని రోజు ఎలా గడవాలో నిర్ణయించేది ఆ మనిషే. ఆ విషయం మీద కథకి ఒక్క క్షణం కూడా బెరుకు లేదు.

ఇది కల్పన, చదివేవాళ్లకి తేడా తెలుసు, నిజజీవితంలో ఎవరూ ఇలా కోరుకోరు అంటారు చాలామంది అభిమానులు. ఆ మాటలో నిజం ఉంది. ఊహలో భయాన్ని సురక్షితంగా తాకి రావడం చాలా పాతకాలపు సుఖం, దాన్ని ఆడవాళ్లు కోరుకున్నప్పుడు మాత్రమే నేరంగా చూడటం నాకు ఒప్పుదల కాదు. నా అభ్యంతరం అది కాదు. బాస్ పాత్ర పెట్టినప్పుడు ఆ అధికారపు తీపి మొత్తం వాడుకుని, దాని చేదు మాత్రం ఎవరికీ తగలకుండా తప్పించడం మీద నా అభ్యంతరం. ఆ చేదు అక్కడి ఆడవాళ్లకి బాగా తెలుసు. లైంగిక వేధింపుకి జపనీస్‌లో వాడే పొట్టి మాట, సెకుహారా, 1989లో ఆ ఏటి కొత్త మాటల్లో బహుమతి గెలిచింది. ఆ తర్వాత 1992 ఏప్రిల్‌లో ఫుకువోకా జిల్లా కోర్టు ఇలాంటి కేసులో తొలి పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసు జరిగింది ఎక్కడనుకుంటున్నారు? ఒక చిన్న పబ్లిషింగ్ కంపెనీలో. తన కింద పనిచేసే ఆమె వ్యక్తిగత జీవితం గురించి ఎడిటర్ చెడ్డ పుకార్లు పుట్టిస్తే, చివరికి ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది ఆమే. ఆమె గెలిచింది. పబ్లిషింగ్ ఆఫీసులో ఎడిటర్ చేతిలో ఎంత అధికారం ఉంటుందో ఆ తీర్పు చెప్పిన దేశంలో, అదే కుర్చీని కేవలం మోజు పెంచే వస్తువుగా వాడటం చేతకానితనం అనిపిస్తుంది నాకు.

మన దగ్గర కూడా ఒక లోటు ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో మన దేశం చేసిన చట్టంలో ఫిర్యాదు చేయగలిగేది మహిళ మాత్రమే. మగ బాస్ మగ ఉద్యోగిని ఇబ్బందిపెడితే ఆ చట్టం కింద కమిటీ తలుపు తట్టే వీలు లేదు, కంపెనీ తన సొంత పాలసీలో రాసుకుంటే తప్ప. మగవాడిని గోడకి అదిమితే అది రొమాన్స్ అనుకునే అలవాటు కామిక్స్‌లోనే కాదు, చట్టం రాసిన చోటా ఉంది.

దీనికి జవాబులాంటి పుస్తకం యూ తొయోత గీసిన 'చెర్రీ మ్యాజిక్'. 2018లో ఇంటర్నెట్‌లో చిన్న కామిక్‌గా మొదలై, 2020లో టీవీ తోక్యో చానెల్లో డ్రామాగా, అంటే టీవీ సీరియల్‌గా వచ్చి దేశాలు దాటింది. ముప్పై ఏళ్లు వచ్చేవరకూ ఎవరితోనూ సంబంధం లేకపోతే మంత్రశక్తి వస్తుందన్న నమ్మకం మీద కథ. స్టేషనరీ కంపెనీలో పనిచేసే అదాచి అనే బిడియస్తుడికి ముప్పయ్యో పుట్టినరోజున ఆ శక్తి వస్తుంది, ముట్టుకున్నవాళ్ల మనసులో మాట వినిపిస్తుంది. కిక్కిరిసిన లిఫ్టులో భుజం తగిలితే, సేల్స్‌లో స్టార్ అయిన కురోసవా మనసంతా తన మీదే ఉందని తెలిసిపోతుంది. ఇద్దరూ ఒకే బ్యాచ్. ఎవరూ ఎవరికీ బాస్ కాదు.

డ్రామాలో ఆఫీసు పార్టీ సన్నివేశం ఒకటి ఉంది, ఎన్నిసార్లు చూశానో. తాగిన సహోద్యోగులు రాజు ఆట పెడతారు. రాజు ఏం చెప్తే అది చేయాలి. కురోసవా అదాచికి ముద్దు పెట్టాలని చీటీ వస్తుంది. చుట్టూ అందరూ చప్పట్లు. మామూలు ఆఫీసు బీఎల్‌లో ఇది కథకి దొరికిన వరం, ముద్దుకి నెపం. ఇక్కడ కురోసవాకి అంతకన్నా కోరుకునేది ఏమీ లేదు, ఆ సంగతి మనకీ తెలుసు, అదాచికీ తెలుసు. కానీ అదాచి వణుకుతున్నాడని గమనించి, నుదుటి మీద పెట్టి పెట్టనట్టు ఒక ముద్దు పెట్టి, నవ్వేసి ఆట ముగిస్తాడు. తర్వాత మేడ మీద ఒంటరిగా నిలబడి, భయపెట్టినందుకు క్షమాపణ చెప్తాడు. నాకు చిరాకేమీ కలగలేదు అని అదాచి తన నోటితో తాను చెప్పడానికి అప్పుడు చోటు దొరుకుతుంది.

ఆ సన్నివేశంలో బాస్ పాత్ర పోషించేది చుట్టూ ఉన్న గుంపే. తాగినంత మాత్రాన, నవ్వులాట అన్నంత మాత్రాన బలవంతం బలవంతం కాకుండా పోదని కథకి తెలుసు. ఆఫీసు పార్టీలో ఇష్టం లేని ఆటకి నవ్వుతూ కూర్చున్న ప్రతి ఆడమనిషికీ ఆ వణుకు తెలుసు. ఇంకో ఎపిసోడ్‌లో కురోసవా గతం చూపిస్తారు. క్లయింట్‌తో డిన్నర్, ఆ క్లయింట్ ఒక కంపెనీ యజమానురాలు, అతని అందం మీద కన్నేసి చనువు తీసుకుంటుంది, అతను వ్యాపారం కోసం నోరు మూసుకుని తాగుతాడు. ఆ రాత్రి అతన్ని మోసుకెళ్లి, పార్కులో కూర్చోబెట్టి, నువ్వు చాలా కష్టపడ్డావు అన్నవాడు అదాచి. కురోసవా ప్రేమ అక్కడ మొదలైంది. చూశారా, అధికారం ఎలా నలిపేస్తుందో తెలిసిన మనిషి కాబట్టే, తన చేతికి అవకాశం వచ్చినప్పుడు దాన్ని వాడుకోలేదు.

బాస్‌నీ కిందివాడినీ పెట్టి కథ రాయకూడదని నేను అనడం లేదు. సగన్ సగన్ గీసిన 'ఓల్డ్ ఫ్యాషన్ కప్‌కేక్'లో నొజుయే ముప్పై తొమ్మిదేళ్ల సెక్షన్ మేనేజర్, తొగవా అతని కింద పనిచేసే ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు. నొజుయేకి వచ్చిన ప్రమోషన్ కూడా వద్దనుకునేంత నిస్తేజం. అతని జీవితంలో కాస్త ఉత్సాహం నింపుదామని తొగవా అతన్ని అమ్మాయిలతో నిండిన కేఫేకి తీసుకెళ్లి, క్యూలో నిలబెట్టి, పాన్‌కేకులు తినిపిస్తాడు. ఏళ్లుగా దాచుకున్న ప్రేమ కిందివాడిది, అడుగు వేసేదీ అతనే. పైవాడు ఏ నిమిషంలోనూ తన హోదాతో దగ్గరికి రాడు, పైగా వయసూ పదవీ గుర్తొచ్చి వెనక్కి తగ్గుతూ ఉంటాడు. కేకు ముక్కల మీద నడిచే చాలా చిన్న కథ. అయినా సంతకం ఎవరిదన్న ప్రశ్న మొదటి పేజీ నుంచీ రచయితకి గుర్తుంది.

ఇంత మెచ్చుకున్నాక ఇంకో మాట కూడా అనాలి. 1992లో మసాకి సాతో అనే స్వలింగ ప్రేమికుడు ఒక ఫెమినిస్టు పత్రికలో ఈ కథల మీద కోపంగా రాశారు. మా జీవితాల్ని మీ వినోదానికి వాడుకుంటున్నారు, మాకు మాత్రం వాటితో సంబంధం లేకుండా చేశారు అన్నది సారాంశం. దాని మీద కొన్నేళ్లపాటు వాదోపవాదాలు నడిచాయి. ఆ కోపం న్యాయమైనదే. ఆనాటి కథల్లో, నాకు మగవాళ్లంటే ఇష్టం లేదు, నువ్వంటేనే ఇష్టం అనే డైలాగు పదేపదే వచ్చేది. ప్రేమని గొప్ప చేయడానికి, ఆ ప్రేమతో రోజూ బతికే మనుషుల్ని పక్కకి తోసేసే మాట అది.

ఆఫీసు కథల్లో ఈ తప్పు ఇంకో రూపంలో వస్తుంది, రహస్యం రూపంలో. జిరాక్స్ గదిలో దొంగచూపులు, టేబుల్ కింద తగిలిన చేతులు, ఎవరో వస్తున్నారన్న టెన్షన్. చదవడానికి బాగుంటుంది. కానీ నిజంగా అలా దాచుకుని బతికేవాడికి అది థ్రిల్ కాదు. సోమవారం పొద్దున, వీకెండ్ ఏం చేశావు అన్న మామూలు ప్రశ్నకి అబద్ధం తయారు చేసుకోవడం, పెళ్లెప్పుడు అన్న మాటకి నవ్వడం, ఒక్కడికి తెలిస్తే ఎంతమందికి తెలుస్తుందో లెక్కేసుకోవడం. జపాన్‌లో పనిచోట అధికార వేధింపుల్ని అడ్డుకునే నిబంధనలు 2020 జూన్‌లో పెద్ద కంపెనీలకీ, 2022 ఏప్రిల్‌లో చిన్న కంపెనీలకీ తప్పనిసరి అయ్యాయి. ఒక ఉద్యోగి ఎవరిని ప్రేమిస్తాడన్న సంగతి అతని అనుమతి లేకుండా బయటపెట్టడం కూడా వేధింపే అని ఆ మార్గదర్శకాల్లో రాశారు. ప్రభుత్వం రాసి పెట్టాల్సినంత నష్టం అది. ఆ నష్టాన్ని తెలిసి గీసినది ఫుమి యోషినగ 'వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్డే'. బీఎల్ పత్రికలో కాదు, మగవాళ్ల వారపత్రిక 'మార్నింగ్'లో 2007 నుంచి వస్తోంది. లాయర్ షిరో తన ఆఫీసులో నోరు విప్పడు, సెలూన్‌లో పనిచేసే అతని భాగస్వామి కెంజి ఏమీ దాచుకోడు. ఇంట్లో వాళ్లకి వచ్చే గొడవల్లో ఒకటి అదే.

'చెర్రీ మ్యాజిక్' ఇక్కడ కూడా కొంచెం ముందుకెళ్లింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన సినిమాలో అదాచికి నాగసాకి బదిలీ వస్తుంది. బదిలీ అంటే జపాన్ కంపెనీల్లో నమ్మకం పెట్టుకున్నారని అర్థం, వద్దంటే కెరీర్‌కి దెబ్బ. అదాచి వెళ్తాడు. అక్కడ అతనికి ప్రమాదం జరుగుతుంది. గాయం పెద్దది కాదు. కానీ ఇద్దరికీ ఒక సంగతి తెలిసొస్తుంది, ఏదైనా జరిగితే కబురు వెళ్లేది కుటుంబానికి, కాగితాల మీద కురోసవా ఏమీ కాడు. ఆ తర్వాతే ఇద్దరూ ఒకరి తల్లిదండ్రుల్ని ఒకరు కలవడానికి బయల్దేరతారు. ఆఫీసు ప్రేమ లిఫ్టు దాటి ఇంటిదాకా, ఆసుపత్రి దాకా వచ్చిందంటే, అప్పుడు దాని బరువు తెలుస్తుంది.

ఈ కాగితాల కథ ఇంకా ఎవరైనా పూర్తిగా గీయాలి. జపాన్‌లో దేశం మొత్తానికీ చెల్లే స్వలింగ వివాహ చట్టం లేదు. 2015లో తోక్యోలోని షిబుయా, సెతగాయా వార్డులు జంటలకి సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాయి, 2022 నవంబరులో తోక్యో నగర ప్రభుత్వం కూడా ఇచ్చింది. పెళ్లికి ఒప్పుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 2024 మార్చిలో సప్పోరో హైకోర్టు చెప్పింది. కంపెనీల్లో పానసోనిక్ 2016లోనే స్వలింగ భాగస్వాముల్ని ఉద్యోగి కుటుంబంగా గుర్తిస్తామని ప్రకటించింది. మన సుప్రీంకోర్టు 2018లో, స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే 377వ సెక్షన్ భాగాన్ని కొట్టేసి, 2023 అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేనంది.

అంటే ఇప్పుడు జపాన్‌లో అలా గుర్తించే కంపెనీలో ఒక జంట పెళ్లి సెలవు కావాలంటే హెచ్‌ఆర్‌లో ఫారం నింపాలి. భాగస్వామి పేరు దగ్గర అదే కంపెనీ, పక్క డిపార్ట్‌మెంట్ ఉద్యోగి పేరు రాయాలి. ఆ ఫారం ఒక సెక్షన్ మేనేజర్ టేబుల్ మీదికి, అక్కడి నుంచి హెచ్‌ఆర్ గుమస్తా దగ్గరికి వెళ్తుంది. ఆ గుమస్తా ఎవరికీ చెప్పకుండా ఉండాలి. బ్యాచ్‌లో ఇద్దరూ ప్రమోషన్ వరసలో ఉన్నారు. 'చెర్రీ మ్యాజిక్' డ్రామాలో ఫుజిసాకి అనే సహోద్యోగిని ఉంది, పెళ్లీ ప్రేమా తనకి అక్కర్లేదనుకునే మనిషి, ఇంట్లోవాళ్ల ప్రశ్నలకి నవ్వి ఊరుకునే మనిషి. మాంగాలో ఆమె బీఎల్ అభిమాని, డ్రామాలో ఇలా మార్చారు, ఆ మార్పు నాకు బాగా నచ్చింది. ఆ ఫారం అందుకునే గుమస్తాగా అలాంటి అమ్మాయిని పెట్టి, ఆ ఒక్క మధ్యాహ్నాన్ని రెండొందల పేజీల్లో గీస్తే నేను వచ్చిన రోజే కొంటాను. పక్క సీటు అమ్మాయికి కూడా ఒక కాపీ కొంటాను.